ఎనిమిదింటికని చెప్పాను

“ఈ బస్సు చల్లపల్లి దగ్గర ఆగిపోతే ఏం చేద్దామే? మనం వెళ్ళేసరికి రామబ్రహ్మంగారు ఆఫీసుకి తాళం వేసుకుని భోజనానికి వెళ్ళిపోతే? టికెట్టు ఖాయం చేసుకోలేదని నీ సీటు ఇంకెవరికైనా ఇచ్చేస్తే?”

బస్సు ఇంకా నాగాయలంక స్టాండులోంచి కదలనేలేదు. డ్రైవరు కింద నిలబడి టీ ఊదుకుంటూ తాగుతున్నాడు. కిటికీ పక్కన కూర్చున్న మా క్రిస్టినా నా వంక చూసి నవ్వింది.

“అంతేనా? కరకట్ట తెగడం, కాలవలో పడడం మరిచిపోయావు.”

“నోరు ముయ్యవే! బస్సులో కూర్చుని అలాంటి మాటలేంటి?”

“మొదలెట్టింది నువ్వేగా?”

దాని మొహాన ఆ నవ్వు చూసి ఏడాదయింది. మధ్యాహ్నానికల్లా అది ఆరిపోతుందని తెలిస్తే ఆ పూట బస్సే ఎక్కేదాన్ని కాదు.

కథ ఎక్కడిదాకా వచ్చిందో ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. మా ఆయన ఆనందరావు ఆర్టీసీ డ్రైవరు. పోయినేడు, అంటే రెండువేల ఒకటి నవంబరులో, ఒక మంగళవారం తెల్లవారుజామున బందరు ఆసుపత్రిలో గుండె ఆగి పోయారు. కువైట్‌లో నర్సుగా చేస్తున్న మా ఒక్కగానొక్క కూతురు ఆ రాత్రే విమానం ఎక్కింది. బుధవారం మధ్యాహ్నం రెండూ పదికి మా గుమ్మం ముందు కారు దిగింది. అప్పటికి పెట్టె మట్టిలోకి దిగి మూడు గంటలయింది.

దానికి తండ్రి ఆఖరిచూపు దక్కలేదు. ఆ కోపమంతా మా మరిది తోమాసు మీద పడింది. తోమాసు నాగాయలంక రేవు దగ్గర చేపలకి ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో మేస్త్రీ. అన్న చుట్టూ ఐసు పేర్చింది అతనే. సాయంత్రం దాటితే నిలవదని పెద్దల ముందు అన్నదీ అతనే. ఊరంతా చూస్తుండగా నా కూతురు అతని చొక్కా పట్టుకుని, “చేపలకి మూడు రోజులు నిలిచే ఐసు మా నాన్నకి ఇంకో మూడు గంటలు నిలవలేదా బాబాయ్?” అని అడిగింది. తోమాసు తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. మొన్న ఆదివారం ఇంటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటే వచ్చాడు గానీ పందిట్లోకి రాలేదు. రోడ్డు మీద సైకిలు పట్టుకుని నిలబడి, ఆఖరి పాట అవగానే అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. క్రిస్టినా అటు తల కూడా తిప్పలేదు.

శుక్రవారం అది మళ్ళీ కువైట్ వెళ్ళిపోతుంది. ఆ బుధవారం గురించి దానికి తెలియనిది, నాకు తెలిసినది ఒకటుంది. సెలవు మీద అది వచ్చిన నెల రోజుల నుంచి, చెప్పెయ్యాలని పొద్దున్నే అనుకోవడం, దీపాలు పెట్టేవేళకి మానుకోవడం. నాకు ధైర్యం వచ్చేలోపు ఇంకొకాయన చెప్పేశారు. నవ్వుతూ చెప్పారు.

* * *

బందరు కోనేరు సెంటరుకి దగ్గర్లో, మెట్లెక్కి పైకి వెళ్తే రామబ్రహ్మంగారి ట్రావెల్స్ ఆఫీసు. గల్ఫుకి వెళ్ళే దివిసీమ జనానికి టికెట్లు చాలామటుకు ఆయన చేతి మీదుగానే. ఆయనా మా ఆయనా చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. అందుకని నన్ను చెల్లెమ్మా అంటారు. బల్ల మీద ఒక గ్లోబు, దానికి మేకు కొట్టి కట్టిన ఎర్ర దారం. వచ్చినవాళ్ళకి ఆ దారంతో దూరం కొలిచి చూపిస్తే గానీ ఆయనకి తోచదు.

ఫోను చేసి, క్రిస్టినా సీటు ఖాయమేనని అయిదు నిమిషాల్లో తేల్చేశారు. నా గుండె కుదుటపడింది. లేవబోతుంటే, తోట్లవల్లూరు నుంచి వచ్చి మా పక్కన కూర్చున్న ఒక రైతు తన చేతిలో కాగితం ఊపాడు.

“రామబ్రహ్మంగారూ, మీరేమో విమానం నాలుగున్నర గంటల్లో వచ్చేస్తుందన్నారు. మావాడు పంపిన కాగితంలో రాత్రి పదిన్నరకి ఎక్కితే తెల్లారి అయిదున్నరకి దిగుతాడని ఉంది. ఏడు గంటలయిందిగా! తతిమ్మా రెండున్నర గంటలూ ఎక్కడ ఆపుతాడండీ? టిఫినుకా?”

“ఆపడానికి అదేమన్నా హనుమాన్ జంక్షనా?” అని రామబ్రహ్మంగారు గ్లోబు దగ్గరికి లాక్కున్నారు. దారం కొస కువైట్ మీద పెట్టి హైదరాబాదు దాకా బిగించారు. “చూడండి. సూటిగా మూడువేల మూడొందల డెబ్భై కిలోమీటర్లు. విమానానికి నాలుగున్నర గంటల పని. కానీ మనకి పొద్దు ముందు పొడుస్తుంది, వాళ్ళకి తర్వాత. ఇక్కడి గడియారం అక్కడిదానికన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మీవాడు గాల్లో ఉండేది నాలుగున్నరే. గడియారం ముల్లు మాత్రం ఏడు తిరుగుతుంది.”

“ఏమో బాబూ. మావాడి జీవితంలో రెండున్నర గంటలు తినేశారు.”

“తిరిగి వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తారులెండి!” ఆయన ఒళ్ళంతా కదిలేలా నవ్వారు. “నేను అంతటితో వదలను. దిగే టైము చెబితే ఏం లాభం? మనిషి ఇంటి గడపలో కాలు పెట్టే టైము చెప్పాలి. గడప టైము. పదిహేనేళ్ళ నుంచి చెబుతున్నాను, అరగంట మించి తప్పలేదు. ఇదిగో, ఈ అమ్మాయిదే తీసుకోండి.”

నేను లేచి నిలబడ్డాను. “వెళ్దాం పదవే, బస్సు పోతుంది,” అన్నాను. నా మాట ఎవరికీ వినపడలేదు.

“పోయినేడు వీళ్ళ నాన్న పోయినప్పుడు వచ్చింది. అక్కడ పదిన్నరకి ఎక్కి, మన టైము అయిదున్నరకి బేగంపేటలో దిగింది. చేతిసంచీ తప్ప సామాను లేదు గనక ఆరూంబావుకి బయట పడుతుందనుకున్నాను. బెజవాడకి అయిదు గంటలు. అక్కణ్ణుంచి నాగాయలంకకి రెండున్నర. మధ్యలో టీకీ టైర్లో గాలికీ ముప్పావుగంట. మధ్యాహ్నం రెండున్నరకి గడపలో ఉంటుంది చెల్లెమ్మా అని ముందురోజే చెప్పాను.” క్రిస్టినా వైపు తిరిగారు. “రెండూ పదికి వచ్చావు కదూ అమ్మాయ్? ఇరవై నిమిషాలు తేడా. మీ డ్రైవరు టీకి ఆగినట్టు లేదు.”

క్రిస్టినా టికెట్టు సంచిలో పెట్టుకుంటోంది. ఆ చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

“ముందురోజే చెప్పారా మావయ్యగారూ? ఎవరితో?”

“మీ అమ్మతోనేనమ్మా. నువ్వు కువైట్ నుంచి ఫోను చేసింది నా ఆఫీసుకేగా? ఆ పళంగా ఆసుపత్రికి పరిగెత్తాను. మెట్ల మీద కూర్చుని ఉంది. అంత దుఃఖంలోనూ రెండుసార్లు అడిగింది పాపం, ‘రెండున్నరేనా అన్నయ్యా, ఖాయమేనా’ అని.” ఆయన నిట్టూర్చారు. “అయినా మీ సంఘ పెద్దలు నాలుగు గంటలు ఎందుకు ఆగలేకపోయారో నాకిప్పటికీ అంతుపట్టదు.”

తోట్లవల్లూరు రైతు అయ్యో అన్నాడు. క్రిస్టినా నా వైపు చూడలేదు. “వస్తాం మావయ్యగారూ,” అని ఆయనకి దణ్ణం పెట్టి మెట్లు దిగింది. నేను రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగాను. కిందికి చేరేసరికి అది అప్పుడే సెంటరు దాటి బస్టాండు వైపు నడుస్తోంది. ఎప్పుడూ రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకునేది.

* * *

అవనిగడ్డ మీదుగా వెళ్ళే బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఊరు దాటి వరిచేలు మొదలయ్యాయి. కోతలు మొదలయినట్టున్నాయి, కిటికీలోంచి పచ్చిగడ్డి వాసన వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మా ఇంట్లో ఒక వేళాకోళం ఉంది. ఎవరైనా ఎన్నింటికి వస్తారని నన్నడిగితే, నేనొక టైము చెబితే, మా ఆయన “అది నీ టైమా, బస్సు టైమా?” అనేవారు. బందరు బస్సు ఆరింటికి రావాలంటే నేను తొమ్మిదనేదాన్ని. టైరు పేలితే ఒక గంట, గేటు పడితే అరగంట, డ్రైవరుకి కడుపునొప్పి వస్తే ఇంకో గంట. ఆ బస్సు నడిపేది మా ఆయనే అయినా సరే. క్రిస్టినా గుడివాడలో నర్సింగు చదివే రోజుల్లో శనివారం వస్తోందంటే ఊరందరికీ తొమ్మిదింటికని చెప్పి, నేను మాత్రం నాలుగింటికే స్టాండులో నిలబడేదాన్ని. మా ఆయన నవ్వుకుంటూ నేను చెప్పినదాంట్లోంచి సగం తీసేసి అందరికీ అసలు టైము చెప్పేవారు.

ఇదంతా ఉప్పెన ఏడాది పట్టుకున్న జబ్బు. డెబ్భై ఏడులో మా పుట్టిల్లు సొర్లగొందిలో. నీళ్ళు వస్తే రాత్రికి గానీ రావు, ఇంకా చాలా టైముందని మా నాన్న అన్నాడు. ఆ మాట నమ్మి మా అమ్మ గొడ్లకి కుడితి పెట్టడానికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. మూడేళ్ళ పిల్లని, ఈ క్రిస్టినానే, భుజాన వేసుకుని నేను మా అత్తగారింటికి బయల్దేరాను గనక బతికాను. అప్పటినుంచి ఎవరు ఏ టైము చెప్పినా నాకు నమ్మకం లేదు.

చల్లపల్లి దాటాక నేనే నోరు తెరిచాను.

“అడగవేమే?”

“ఏం అడగాలి?”

“ఎందుకు చెప్పలేదని అడుగు.”

క్రిస్టినా కిటికీలోంచే చూస్తూ, “చెప్పు. ఎందుకు చెప్పలేదు?” అంది. ఆసుపత్రిలో రోగిని అడిగినట్టు అడిగింది. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి.

చెప్పాను. మంగళవారం మధ్యాహ్నం పందిట్లో మీ నాన్న పెట్టె పక్కన కూర్చున్నాను. పాస్టరుగారూ, నలుగురు పెద్దలూ కుర్చీలు వేసుకున్నారు. అమ్మాయి రేపు ఎన్నింటికి చేరుతుందమ్మా అని పాస్టరుగారు అడిగారు. రెండున్నర అన్న మాట నాలుక మీదే ఉంది. కానీ రెండు నెలల కిందటే కదా, విమానాలు మేడల్ని గుద్దుకోవడం టీవీలో అన్నిసార్లు చూశాం? నీ విమానం కదలనివ్వకపోతే? దిగాక సోదాలని నిలబెడితే? సూర్యాపేట దగ్గర టైరు పేలితే? రాత్రంతా నిద్ర లేని నువ్వు కారులో కళ్ళు తిరిగి పడిపోతే? ఒక్కోదానికీ ఇంతని కలుపుకుంటూ పోయాను. నోరు తెరిచేసరికి, “రాత్రి ఎనిమిదవుతుందండీ,” అని వచ్చింది.

కలిపానని చెప్పలేదు. నేను చెప్పినదాంట్లోంచి నా భయాన్ని తీసేసి అసలు టైము చెప్పే మనిషి ఆ పెట్టెలో ఉన్నారు.

“రాత్రిపూట సమాధి చెయ్యరు,” అన్నాను. “గురువారం పాస్టరుగారు గుడివాడలో పెళ్ళికి మాట ఇచ్చేశారు. ఐసు బుధవారం సాయంత్రం దాటితే నిలవదని మీ బాబాయి అన్నాడు. అయితే అమ్మాయి ఎలాగూ అందుకోలేదు, బుధవారం పది గంటలకి ప్రార్థన పెడదామన్నారు.”

“అప్పుడు నువ్వేమన్నావు?”

నేను బస్సు టికెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాను.

“అమ్మా, వాళ్ళు పదింటికని ఖాయం చేసినప్పుడు నువ్వేమన్నావు?”

“సరేనండీ అన్నాను.”

అప్పుడు తిరిగి చూసింది. దాని కళ్ళలో నీళ్ళు లేవు. ఉంటే బాగుండేది.

బస్సు మోపిదేవిలో ఆగింది. గుడి నుంచి వస్తున్నవాళ్ళు బిలబిలమంటూ ఎక్కారు. చెవులు కుట్టించిన పసిపిల్లని ఎత్తుకుని ఒకావిడ మా ముందు సీట్లో కూర్చుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆవిడ వెనక్కి తిరిగి నన్నడిగింది:

“నాగాయలంక ఎన్నింటికి చేరుద్దమ్మా? పిల్లకి పాలు పట్టాలి.”

నేను నోరు తెరిచేలోపు క్రిస్టినా అందుకుంది. “నాలుగవుతుందండీ. మా అమ్మని మాత్రం అడక్కండి.”

ఆవిడ తెల్లబోయి ముందుకు తిరిగింది. నా మొహం మీద కొట్టినా ఇంత నొప్పి తెలిసేది కాదు.

పసిపిల్ల ఏడుపు సద్దుమణిగాక గొంతు తగ్గించి అంది: “నోరు జారింది, సరే. భయమేసింది, సరే. పదింటికి అన్నప్పుడైనా, రెండున్నరకి వస్తుందేమో చూద్దామని ఒక్క మాట అనలేకపోయావా? సాయంత్రందాకా ఐసు ఉందిగా? నీకు తెలుసుగా?”

“తెలుసు.”

“మరి?”

ఏడాదిగా నాకు నేను కూడా చెప్పుకోని మాట అది. బస్సు చప్పుడులో చెప్పాను.

“రెండున్నరకి వస్తావని చెబితే అందరూ రెండున్నర కోసం చూస్తారే. నేనూ చూడాలి. రెండూ ముప్పై అయిదవుతుంది, నువ్వు రావు. మూడవుతుంది, రావు. ఒకరు పెట్టెలో ఉండగా ఇంకొకరి కోసం గడియారం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. నువ్వు రావనే అనుకుంటే చూడక్కర్లేదుగా? రానే రావని అనుకోవడం నాకు సుఖంగా ఉంది. అందుకని ఊరుకున్నాను.”

అవనిగడ్డ స్టాండు వచ్చింది, పోయింది.

“నీకు గడియారం చూసే బాధ తప్పించడానికి మా నాన్నని పాతిపెట్టావు,” అంది క్రిస్టినా. అరవలేదు. మామూలుగా అంది.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

“అది కూడా పోనీ. నేను బాబాయి చొక్కా పట్టుకున్నప్పుడు నువ్వు నా పక్కనే నిలబడి ఉన్నావు. ఏడాది నుంచి నేనతని మొహం చూడలేదు. ఫోనులో ప్రతివారం నీకు చెప్పేదాన్ని, ఆ మనిషిని జన్మలో క్షమించనని. నువ్వు ఊఁ కొట్టేదానివి.”

“నిజం చెబితే నువ్వు నాతో మాట్లాడడం మానేస్తావని...”

“అందుకని బాబాయితో మాన్పించావు.”

ఎనిమిదని చెప్పింది భయంతో. కానీ ఆ తర్వాత మూడువందల అరవై అయిదు రోజులు ఊరుకున్నది భయంతో కాదు. తోమాసు మోస్తున్నాడు కదా, మొయ్యనీ అనుకున్నాను. అతను ఒక్కసారైనా “వదినా, నువ్వే కదా ఎనిమిదన్నావు” అని వీధిలో నిలదీస్తే తప్పు ఒప్పుకునేదాన్నేమో. అతను అనలేదు. అనకపోవడం నాకు అలవాటయిపోయింది.

* * *

నాగాయలంకలో దిగాక క్రిస్టినా ఇంటివైపు తిరగలేదు. రేవు దారి పట్టింది.

“ఎక్కడికే? ఎండలో? పొద్దుటినుంచి ఏమీ తినలేదు, పడిపోతావు!”

“పడను.”

వెనకే నడిచాను. దారిలో నాకు తోచిన భయాలన్నీ చెబితే మీరు నవ్వుతారు. తోమాసు దీని మీద చెయ్యి చేసుకుంటాడేమో, అందరి ముందూ నా గుట్టు బయటపెడతాడేమో, అసలు ఇవాళ పనిలోకి రాలేదేమో. ఈ మూడో భయం నిజమైతే బాగుండునని కూడా అనుకున్నాను.

వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ ముందు, తడిసిన సిమెంటు గట్టు మీద, లుంగీ ఎగ్గట్టుకుని నిలబడి పెద్ద కొక్కెంతో దిమ్మల్ని మరలోకి లాగుతున్నాడు. మర వాటిని కరకరా నమిలి తెల్లటి పొడి ఉమ్ముతోంది. ఇద్దరు కూలీలు పారలతో ఆ పొడిని రొయ్యల పెట్టెల్లోకి ఎత్తుతున్నారు. మమ్మల్ని చూసి తోమాసు కొక్కెం కిందికి దించాడు. నా వైపు, దాని వైపు, మళ్ళీ నా వైపు చూశాడు.

“ఏంటొదినా? ఏమైనా అయిందా?”

క్రిస్టినా మాట్లాడబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఇదొక్కటైనా నేను చెయ్యాలి.

“తోమాసూ, అమ్మాయి రెండున్నరకి వస్తుందని ఆ మంగళవారం పొద్దున్నే నాకు తెలుసు. రామబ్రహ్మంగారు చెప్పారు. పెద్దలకి ఎనిమిదని చెప్పింది నేను. తప్పు నాది. నీ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. అది ఇంకా పెద్ద తప్పు.”

మర చప్పుడుకి సగం వినపడిందో లేదో. కూలీలు పారలు ఆపారు. తోమాసు చెయ్యి చాపి మర కట్టేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది.

“బాబాయ్,” అంది క్రిస్టినా. ఏడాది తర్వాత ఆ పిలుపు. “నేను నీ చొక్కా పట్టుకున్నాను.”

“చొక్కాదేముందిలే అమ్మా, పాతదే.” తోమాసు తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఆ తర్వాత మొహం కూడా తుడుచుకున్నాడు. “చిక్కిపోయావే. ఆ దేశంలో అన్నం పెట్టరా?”

క్రిస్టినా వంగి అతని కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. “ఛ ఛ, లెగు. చేపల కంపు,” అని భుజం పట్టుకుని లేపాడు. నాకు ఆ క్షణాన ఆ సిమెంటు గట్టు మీద కూలబడి గట్టిగా ఏడవాలనిపించింది. ఇంత తేలిగ్గా అయిపోయేదాన్ని ఏడాది పాటు ఎందుకు మోశాను, ఎందుకు మోయించాను?

కానీ అయిపోలేదు. క్రిస్టినా అతని చెయ్యి వదల్లేదు. నర్సుకి ఉండే పట్టు అది, నాడి చూసేటప్పటి పట్టు.

“బాబాయ్, బస్సులో ఇందాకటినుంచి ఒకటే ఆలోచిస్తున్నాను. పాస్టరుగారికి అమ్మ సంగతి తెలీదు. పెద్దలకి తెలీదు. నీకు తెలుసుగా? గుడివాడ నుంచి నేనొచ్చే శనివారాలు అమ్మ తొమ్మిదంటే, నాన్న డ్యూటీలో ఉంటే, నువ్వే ఆరింటికి సైకిలు వేసుకుని స్టాండుకి వచ్చేవాడివి. అమ్మ టైములోంచి ఎంత తియ్యాలో నాన్న తర్వాత నీకే తెలుసు. ఆ రోజు ఎందుకు తియ్యలేదు?”

నాకు ఇది ఎప్పుడూ తట్టలేదు. నా తప్పు చుట్టూ నేను తిరుగుతూ ఉండిపోయాను గానీ, పక్కకి చూడలేదు.

తోమాసు చెయ్యి లాక్కోలేదు. తల మాత్రం పక్కకి తిప్పుకున్నాడు. కూలీలు ఒకరినొకరు చూసుకుని, పారలు గోడకి ఆనించి, బీడీలు వెతుక్కుంటూ ఏటి ఒడ్డుకి వెళ్ళిపోయారు. గట్టు మీద సగం లాగిన దిమ్మ కరిగి నీళ్ళు మా కాళ్ళ కిందికి పారుతున్నాయి. రేవులోకి ఒక పడవ వచ్చి ఆగింది. అందులోవాళ్ళు వలలు దించారు, బుట్టలు దించారు, తాడు కట్టుకున్నారు, ఎవరో ఎవర్నో తిట్టారు. క్రిస్టినా రెండోసారి అడగలేదు. నేను మాత్రం లోపల్లోపల ప్రార్థన చేస్తున్నాను. తెలీదనో, మరిచిపోయాననో, కంగారులోననో తోమాసు చేత ఏదో ఒకటి అనిపించమని. ఇవాళ్టికి ఇది చాలు ప్రభువా అని.

పడవవాళ్ళు బుట్టలెత్తుకుని మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయాక తోమాసు గొంతు సవరించుకున్నాడు.

“తీశానమ్మా. మీ అమ్మ ఎనిమిదనగానే మూడులోపే వస్తావని లెక్కేసుకున్నాను. ఐసు కూడా రాత్రిదాకా సరిపోను తెచ్చి ఊకలో పెట్టాను. సాయంత్రం దాటితే నిలవదని పెద్దల ముందు ఊరికే అన్నాను.”

“ఎందుకు?” అన్నాను నేను.

అతను నాకు కాదు, దానికే చెప్పాడు.

“సోమవారం సాయంత్రం ఆసుపత్రిలో వదిన ఫ్లాస్కు తీసుకుని కాఫీకి కిందికెళ్ళింది. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, క్రిస్టినా వచ్చేలోపు నన్ను మట్టిలో పెట్టెయ్యాలిరా అని మాట తీసుకున్నాడు. ఎందుకో కూడా చెప్పాడమ్మా. నువ్వడిగితే నీకు చెప్పమన్నాడు. మీ అమ్మ పక్కన ఉండగా మాత్రం చెప్పొద్దన్నాడు.”